మూడుసార్లు చదివినా ఎందుకు గుర్తుండట్లేదు? టెన్త్ సైన్స్ రివిజన్ ఇలా చేయండి

టెన్త్ పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. "అన్నా, సైన్స్ మూడుసార్లు చదివాను. పేపర్ చూడగానే అంతా మర్చిపోతున్నా. నాకు బుర్ర లేదా?"

బుర్ర ఉంది తమ్ముడూ. మార్చాల్సింది చదివే పద్ధతి.

అదే పేజీ మళ్లీ మళ్లీ చూస్తే కళ్లకు అలవాటైపోతుంది. "ఇది నాకు వచ్చు" అనిపిస్తుంది. పుస్తకం మూస్తే ఖాళీ! రోడిగర్, కార్పికీ అనే అమెరికా సైకాలజిస్టులు కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగం 2006లో అచ్చయింది. కొందరు పాఠాన్ని రెండోసారి చదివారు. మిగతావాళ్లు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాలకు టెస్ట్ పెడితే రెండుసార్లు చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత? చదివినవాళ్లకు 42 శాతం, రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది. మన పరీక్ష ఐదు నిమిషాల్లో ఉండదు కదా!

సరే, ఇప్పుడు పనిలోకి వెళ్దాం.

బయాలజీకి తెల్లకాగితం తీసుకోండి. పుస్తకం మూసి నెఫ్రాన్ బొమ్మ వేసి, భాగాల పేర్లు పెట్టండి. తర్వాత పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో రాయండి. మీరు చదవాల్సింది ఆ ఎర్ర అక్షరాలే.

ఫిజిక్స్‌లో సాల్వ్ చేసిన లెక్క చూసి తలూపితే లాభం లేదు. వీడియో పాజ్ చేసి ఇది చేయండి. కుంభాకార కటకం నాభ్యంతరం 20 సెం.మీ., వస్తువు 30 సెం.మీ. దూరంలో ఉంది. ప్రతిబింబం ఎక్కడ? 60 వస్తే సూపర్. 12 వచ్చిందా? ఫార్ములా మీకు వచ్చు, వస్తువు దూరానికి మైనస్ పెట్టలేదు, అంతే. మార్కులు అక్కడే పోతాయి.

కెమిస్ట్రీలో సమీకరణం చూడకుండా రాసి, రెండు వైపులా పరమాణువులు లెక్కపెట్టండి. తప్పుంటే అదే చెప్పేస్తుంది.

మా సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. కోడ్ చూస్తే అంతా కరెక్టే అనిపిస్తుంది, రన్ చేస్తేనే ఎర్రర్ బయటపడుతుంది. చూడకుండా రాయడమంటే మీ బుర్రని రన్ చేయడమే.

చివరిగా, ఒక్కరోజే ఆరు గంటలు కూర్చోకండి. ఈరోజు రాసింది రేపు ఒకసారి, మూడు రోజులకు ఒకసారి, వారానికి ఒకసారి రాయండి. ఫోన్‌లో ఇప్పుడే రిమైండర్ పెట్టుకోండి. రాత్రి నిద్ర మాత్రం మానొద్దు.

మొదట్లో సగం కూడా గుర్తురాదు, కంగారుపడకండి. ఆ ఖాళీ ఇంట్లోనే కనబడితే నింపుకోవడానికి టైం ఉంటుంది, పరీక్ష హాల్లో కనబడితే ఉండదు. మరి వీడియో ఆపేసి కాగితం తీయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!