దరఖాస్తులో పటం – మన పొలం గట్టు
(ముదినేపల్లిలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ నాకు ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు గనుక ఆ జోలికి పోను. నాకిచ్చిన పది నిమిషాలలో దరఖాస్తు ఫారములోని ఒకే ఒక్క గడి గురించి మనవి చేస్తాను.

మనం సర్వీసులో ఉండగా భూమి దరఖాస్తంటే పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు. ఇప్పుడు కంప్యూటర్ మీద నింపే కొన్ని దరఖాస్తుల్లో ఈ గడుల మధ్య ఒక పటం కూడా వస్తోంది. "మీ స్థలాన్ని గుర్తించండి" అంటుంది. ఇల్లయితే ఒక చుక్క పెట్టాలి. బోదె అయితే గీత గీయాలి. పొలమైతే మూలమూలా నొక్కుకుంటూ చుట్టి, మొదలుపెట్టిన మూలకే తిరిగి రావాలి. ఈ గడి రాగానే పెద్దవాళ్లు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుంటున్నారు. పక్కనున్న కుర్రవాడు ఎక్కడో నాలుగుచోట్ల నొక్కి "అయిపోయింది తాతగారూ" అంటాడు.

అయ్యా, ఆ పటం ఉత్త బొమ్మ కాదు. నొక్కిన ప్రతి చోటుకీ వెనకాల రెండు అంకెలు పడతాయి. ఒకటి అక్షాంశం, రెండవది రేఖాంశం. మన ముదినేపల్లి సుమారు 16.4 ఉత్తర అక్షాంశం, 81.1 తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. రికార్డులోకి ఎక్కేది ఆ అంకెలే. 2022 ఏప్రిల్‌లో మన మండలాన్ని కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలో కలిపినప్పుడు చిరునామాలు మారాయి గానీ ఈ అంకెలు మారలేదు. అందులో ఉన్న బలం అది.

ప్రమాదమూ అందులోనే ఉంది. ఫోనులో పటం చూస్తే అక్షాంశం ముందు కనబడుతుంది. కొన్ని కంప్యూటర్ ఫైళ్లలో రేఖాంశం ముందు రాయాలని నియమం. రెండూ తారుమారైతే మన ఊరు ఉత్తర ధ్రువం వైపు ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది! హైదరాబాదులో ఈ పనే చేసే మా మనవరాలు ఇంకో సంగతి చెప్పింది. ఇటువంటి ఫారములు తయారు చేయడానికి జాంగో అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉందట. అందులోని ఒక పటం గడి, ఎక్కడ తెరవాలో చెప్పకపోతే, 47 అక్షాంశం, 5 రేఖాంశం దగ్గర, అంటే ఫ్రాన్సు దేశంలో తెరుచుకుంటుందట. అంతంత పెద్ద తప్పులతో మనకు భయం లేదు, ఎవరికైనా కనబడతాయి. కనబడని తప్పు పాతిక లింకులది.

ఆ లెక్క చూడండి. ఆరుబయట నిలబడినా మామూలు ఫోను చూపే చోటు అయిదు మీటర్లు అటూఇటూగా ఉండవచ్చు. అయిదు మీటర్లంటే మన గొలుసులో ఇంచుమించు 25 లింకులు. అయిదు గొలుసుల పొడవున్న గట్టు 25 లింకులు జరిగితే పన్నెండున్నర సెంట్లు పోయినట్టు. ఈ ప్రాంతంలో సెంటు ధర మీకు నేను చెప్పనక్కరలేదు. పైగా గుడివాడ, కైకలూరు రెండూ ఒకే తెరమీద కనబడేంత దూరంలో పటాన్ని ఉంచి నొక్కితే, తెరమీది ఒక్క నలుసే సుమారు 35 మీటర్లు!

గట్టు ఉన్న పొలమైతే ఆకాశం నుంచి తీసిన ఫోటోలో గట్టు కనబడుతుంది, దాని వెంట గీయవచ్చు. మన మండలంలో అసలు చిక్కు చేపల చెరువులు. పదిమంది రైతుల చేలు కలిపి, మధ్య గట్లు కొట్టి, ఒకే చెరువుగా తవ్వి లీజుకిచ్చారు. ఫోటోలో చూస్తే అంతా నీళ్లు. అందులో నా రెండెకరాలు ఎక్కడో, తమ్ముడి ఎకరంన్నర ఎక్కడో చూపే రాయి లేదు, తాటిచెట్టు లేదు. రేపు లీజు ముగిసి చెరువు పూడ్చితే పిల్లలు గట్టు ఎక్కడ వేసుకోవాలి? చెప్పగలిగేది పాత ఎఫ్.ఎమ్.బి. కొలతలూ, పటంలోని అంకెలూ మాత్రమే. కనుక చెరువులో ఉన్న భూమిని కంటి అంచనాతో గీయనివ్వకండి. ఎఫ్.ఎమ్.బి. నకలు దగ్గర పెట్టుకుని, సర్వేయరు చేత కొలిపించి, ఆ అంకెలే వేయించండి.

2020 డిసెంబరు 21న పూర్వపు కృష్ణా జిల్లాలోనే, జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులో రీసర్వే మొదలైంది. డ్రోన్లు ఎగిరాయి, పాత సర్వే నంబర్ల చోట ఎల్.పి.ఎం. నంబర్లు వచ్చాయి. విస్తీర్ణాలు తేడా వచ్చాయనీ, కొందరి భూములు ఉమ్మడి నంబరు కింద కలిసిపోయాయనీ అర్జీలు పడ్డ సంగతి మీకు తెలుసు. పరికరం ఎంత సూక్ష్మమైనదైనా, హద్దు ఇదని చూపవలసినవాడు పొలంలో లేకపోతే అదేం చేస్తుంది? నా అభిప్రాయంలో ఆ పూట పొలం దగ్గర నిలబడటం ఏ అర్జీకన్నా మేలు.

ఇక మీరు చేయవలసింది. పటాన్ని బాగా దగ్గరకు లాగించండి. చుట్టు గీత తనను తాను దాటకుండా చూడండి. దారం మెలిపడ్డట్టు దాటితే విస్తీర్ణం లెక్క చెడుతుంది. గీసిన తరువాత కంప్యూటర్ చూపే విస్తీర్ణాన్ని 1-బి తోనూ, పాస్ పుస్తకంతోనూ సరిచూడండి. అది హెక్టార్లలో ఉంటే 2.47 పెట్టి హెచ్చవేస్తే ఎకరాలు వస్తాయి. అంకెల్లో చుక్క తరువాత కనీసం ఆరు స్థానాలు ఉన్నాయా అని అడగండి. అయిదవ స్థానం మీటరు పైచిలుకు, ఆరవది జానెడు లోపు. వీలైతే పక్క చేను వారిని కూడా పిలిచి తెర చూపించండి. ఇవన్నీ అయ్యాకే "సబ్మిట్" నొక్కనిచ్చి, ఒక ప్రింటు తీయించుకుని దస్తావేజుల సంచిలో దాచండి.

అమ్మలారా, ఆ సంచి ఎక్కడుందో ఇంట్లో మీకూ తెలియాలి. ఇవాళ ఇంటికి వెళ్లగానే అడగండి.