అడగని ఇల్లు నివేదికలో కనబడాలి

(వార్షిక సభలో దాతల ముందు చేసిన ప్రసంగ పాఠం)



మన మొహల్లాల్లో ఇంటింటి అవసరాల సర్వే పూర్తయింది. ఆ ఫారాలను నివేదికగా ఎలా రాయబోతున్నామో మీకు చెప్పడం మా బాధ్యత. మీ జకాత్, సదఖా ఏ గుమ్మానికి చేరాలో రేపు ఆ కాగితమే చెబుతుంది.

2006లో సచార్ కమిటీ నివేదిక దేశంలో ముస్లింల స్థితిని అంకెల్లో చూపింది. మన పని అంత పెద్దది కాదు. కానీ అలాంటి అంకెల్లో విడిగా కనబడని వీధులు మనవి.

మొదటిది, శాతాలను ఒంటరిగా రాయం. పది ఇళ్లలో ఐదైనా 50 శాతమే, వెయ్యిలో ఐదు వందలైనా 50 శాతమే. అందుకే ఎన్ని ఇళ్లను అడిగాం, ఎన్ని తలుపులు తెరుచుకోలేదు, జవాబిచ్చింది మగవారా ఆడవారా అన్నది మొదటి పేజీలోనే ఉంటుంది. ఇంటాయన అప్పు అన్నచోట ఇల్లాలు మందుల ఖర్చు అనవచ్చు. రెండూ పక్కపక్కనే రాస్తాం.

రెండవది, డబ్బుతో తీరే అవసరాన్ని, కాగితంతో తీరే అవసరాన్ని వేరు చేస్తాం. ఆధార్‌లో 'షేక్'కు ఒక స్పెల్లింగు, పదో తరగతి సర్టిఫికెట్‌లో మరొకటి ఉంటే పిల్లవాడి స్కాలర్‌షిప్ ఆగిపోవచ్చు. బి.సి.-ఇ రిజర్వేషన్‌కు అర్హత ఉన్నా కుల ధ్రువపత్రం చేతిలో లేకపోతే ఫలితం లేదు. అక్కడ కావలసింది చెక్కు కాదు, ఎమ్మార్వో ఆఫీసుకు తోడు వచ్చే మనిషి.

మూడవది, పేర్లు, ఫొటోలు ఉండవు. దాతలు మన్నించాలి. పేరు తీసేసినా 'మస్జిద్ వెనుక వీధి, ముగ్గురు ఆడపిల్లలున్న వితంతువు' అని రాస్తే మొహల్లా అంతా గుర్తుపడుతుంది. అవసరం ఉండీ చేయి చాచనివారిని గుర్తించమని సూరా బఖరా 273వ ఆయతు మనకు నేర్పుతుంది. వారిని వెతకడానికే ఈ సర్వే, నలుగురిలో నిలబెట్టడానికి కాదు. పేర్లు బైతుల్‌మాల్ కమిటీ దగ్గరే ఉంటాయి. ఖర్చు లెక్క మాత్రం పైసాతో సహా మీ ముందుంటుంది.

చివరగా, ఈ నివేదికను అచ్చు వేయకముందే మొహల్లాలో చదివి వినిపిస్తాం. 'ఇది మా మాటే' అని వారన్నాకే మీ చేతికి వస్తుంది. మీరు ఇష్టపడి ఇస్తున్న కుట్టుమిషన్లు అందులో ముందు వరుసలో లేకపోవచ్చు. అప్పుడు మీ సహాయాన్ని వారు చెప్పిన అవసరం వైపు మళ్లించమని వినయంగా కోరుతున్నాం.