మనోగాయమునకు కంటి కదలికల చికిత్స
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లను గూర్చియు, మంచినీటి పథకములను గూర్చియు మీరు నిన్నటినుండి వినుచున్నారు. నేను చెప్పబోవు విషయము పంచాయతీ రికార్డులలో ఎచ్చటను కనబడదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో వేలాదిమంది మరణించిరి. అట్టి విపత్తునుండి బ్రతికినవారు ఇండ్లు తిరిగి కట్టుకొనవచ్చును, పొలములు తిరిగి దున్నుకొనవచ్చును. కాని ఏండ్లు గడచిన పిమ్మటకూడ గాలి హోరు విన్నంతనే చెమటలు పట్టి, బిడ్డలను పట్టుకొని మెరకకు పరుగెత్తవలెనని తోచు మనిషికి ఏ నష్టపరిహారము చాలును? అంతటి విపత్తే కానక్కరలేదు. ట్రాక్టరు బోల్తాపడుట, బిడ్డ చెరువులో మునుగుట, ఇంటిలోనే దెబ్బలు తినుట - ఇవి చాలును.

సంఘటన ముగిసినను మనసునకు అది ముగియదు; ఇప్పుడే జరుగుచున్నట్లుండును. పీడకలలు, ఉలికిపాటు, ఆ చోటికి పోలేకుండుట, చీటికిమాటికి కోపము. ఊరివారు గాలి సోకినదందురు, లేదా పిరికివాడందురు. వైద్యులు దీనిని ఆఘాతానంతర మానసిక రుగ్మత అందురు. దీనికి గల చికిత్సలలో కంటి కదలికల చికిత్స ఒకటి. 'ఇ.ఎం.డి.ఆర్.' అని దాని పొట్టి పేరు. ఫ్రాన్సిన్ షపీరో అను అమెరికా మనస్తత్వవేత్త దీనిని రూపొందించి, 1989లో తొలి పరిశోధనను ప్రకటించెను. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనిని పెద్దలకును పిల్లలకును సిఫారసు చేసినది.

నా బావమరిది ఒకడు లారీ డ్రైవరు. ఒక రాత్రి మలుపులో సైకిలు మనిషి అడ్డము వచ్చి చనిపోయెను. తప్పు ఇతనిది కాదని తేలినది. అయినను బ్రేకు చప్పుడు విన్న ప్రతిసారి అతని చేతులు వణకెడివి. డాక్టరుగారు ఈ చికిత్సను సూచించినపుడు, "కళ్లు తిప్పితే భయం పోతుందంటే నవ్విపోతారు బావా" అనెను. అతని వెంట వెళ్లుటచేతనే నాకీ సంగతులు తెలిసినవి.

మొదటి దినమున కన్నులను కదిలించు పని ఏమియు లేదు. పూర్వపు జబ్బులు, నిద్ర, వాడుచున్న మందులు, మూర్ఛలు, కంటి దోషములు - వీనిని గూర్చి అడిగిరి. పిమ్మట నెమ్మది కలిగించు చోటునొకదానిని తలచుకొనుట నేర్పిరి. అతడు తన ఊరి కాలువగట్టు మీది వేపచెట్టును ఎంచుకొనెను. భరింపలేనిచో చేయి ఎత్తవలెననియు, ఎత్తినంతనే ఆపుదుమనియు చెప్పిరి. ఈ మాట మీరు గుర్తుంచుకొనదగినది. పగ్గము రోగి చేతిలోనే ఉండును.

తరువాత అసలు పని. ఆ రాత్రిలో మిక్కిలి బాధించు దృశ్యమేది? దానివలన తన్ను గూర్చి తనకు తోచునదేమి? "తప్పంతా నాదే" అనెను. బాధ సున్న మొదలు పదివరకు ఎంత? తొమ్మిది అనెను. అప్పుడు చికిత్స చేయువారు రెండు వ్రేళ్లను అతని ముఖమున కెదురుగా అటునిటు కదిలించిరి. తల కదల్పక కన్నులతో వెంబడింపవలెను. అర నిమిషము తరువాత ఆపి, ఊపిరి పీల్చుకొనుమని, "ఏమి తోచినది?" అని అడుగుదురు. ఒకటి రెండు మాటలు చాలును. జరిగినదంతయు విప్పి చెప్పనక్కరలేదు. మరల వ్రేళ్లు, మరల విరామము. బ్రేకు చప్పుడునుండి మనసు ఎన్నడో చనిపోయిన తండ్రి వద్దకు పోవచ్చును, పోనీయవలెను. ఏడ్పు రావచ్చును, గుండె దడదడలాడవచ్చును. కూర్చుండునది గంట మొదలు గంటన్నర. కన్నులతో చేయలేనివారికి చేతులపై తట్టుటయు, చెవులలో మార్చి మార్చి ధ్వని వినిపించుటయు కలవు.

ఇది వశీకరణము కాదు. మత్తు లేదు, సూది లేదు, కరెంటు లేదు. రోగి మెలకువతోనే ఉండును. కన్నుల కదలికయే గుణమిచ్చుచున్నదా, జ్ఞాపకమును ధైర్యముగా ఎదుర్కొనుటయా అను విషయమున పండితులలో ఇంకను వాదము కలదు. రోగికి దానితో పనిలేదు.

రెండవసారి కూర్చుండి వచ్చిన రాత్రి అతనికి కలలు మెండైనవి. మా చెల్లెమ్మ ఫోను చేసి, "అన్నయ్యా, బాగుచేస్తారని పంపితే ఇంకా పాడుచేసి పంపారు. ఇక పంపను" అనెను. నేనును తెలియక కొన్నాళ్లు ఆగుమంటిని. నా సలహావలన ఒక నెల వ్యర్థమైనది. కొన్ని దినములు కలలు, అలసట, పాత జ్ఞాపకములు వచ్చుట ఈ చికిత్సలో మామూలే. వానిని ఒక పుస్తకములో వ్రాసికొని మరుసటిసారి చెప్పవలెను. బాధ మరీ ఎక్కువైనచో వెంటనే చికిత్సకునికి తెలుపవలెను. ఆ దినమున బండి నడపక, తోడుగా ఒకరిని తీసికొని పోవుట మేలు. ఒకే ప్రమాదమైనచో సాధారణముగా 6 మొదలు 12 పర్యాయములు పట్టును. ఏండ్ల తరబడి హింస అనుభవించినవారికి అంతకు మించును. జ్ఞాపకము చెరిగిపోదు, దాని కాటు తగ్గును. అందరికిని ఒకే తీరున గుణమిచ్చునని చెప్పజాలను.

ఇంటిలో దెబ్బలు ఇంకను పడుచున్న స్త్రీకి ముందుగా కావలసినది రక్షణ. 181 నంబరు అందుకొరకే కలదు. జ్ఞాపకముల పని తరువాత. చికిత్స చేయువారు దీనిలో ప్రత్యేక శిక్షణ పొందినవారా అని నిస్సంకోచముగా అడుగవలెను. ఇది ప్రతి పట్టణమున దొరకదు. ముందుగా జిల్లా ఆసుపత్రిలోని మానసిక వైద్యుని చూడుడు, లేదా టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేయుడు. రాత్రింబవళ్లు ఉచితముగా పలుకుదురు, తెలుగులోను మాటలాడుదురు. ఎవరైన వెళ్లివచ్చినచో "అక్కడ ఏమి చెప్పితివి?" అని మాత్రము రచ్చబండ దగ్గర అడుగకుడు.

కిందటి శిబిరమున ఒక సభ్యురాలు, "ఇది చేయించుకున్నవాడికి ఊళ్లో పిచ్చివాడని పేరు పడదా అండీ?" అని అడిగినది. కొన్నాళ్లు పడినది, అంటిని. మా బావమరిది ఇప్పుడు లారీ తోలుట లేదు. తనంతట తానే మానుకొని చిల్లర దుకాణము పెట్టుకొనెను. వారమునకు రెండుసార్లు సరుకులకై ఆ మలుపు మీదుగానే మోపెడుపై పోవుచున్నాడు.