దూరాన పనిచేసేవాళ్ళకూ పండుగ ఉంది

(ఆగమన కాలానికి ముందు జరిగిన సభలో చేసిన ప్రసంగం)

క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం గురించి నాలుగు మాటలు చెప్పమని పెద్దలు అడిగారు. మేము గురువులం కాదు, సైటు మీద పని చేయించేవాళ్ళం. కాబట్టి పనివాళ్ళ వైపు నుంచే చెబుతాం. అయ్యప్ప మాల వేసుకునే తమ్ముళ్ళు, రోజా ఉండే భాయిలు కూడా ఇక్కడ ఉన్నారు. కాలాన్ని నియమంగా గడపడమంటే ఏమిటో వాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఈ కువైట్‌లో ఆదివారం పనిరోజు. ఆదివారం పూజ మనం శుక్రవారమే వింటాం. ఆ శుక్రవారం స్లాబ్ పోయాల్సి వస్తే అదీ లేదు. "పూజకే పోలేదు, ఇంక మాకు పండుగేంటన్నా" అని క్యాంపులో చాలాసార్లు విన్నాం.

ఆరో శతాబ్దంలో ఇటలీలో పునీత బెనెడిక్ట్ గారు మఠవాసుల కోసం ఒక నియమావళి రాశారు. దాని 50వ అధ్యాయం దూరంగా పనికి పోయినవాళ్ళ గురించే. ప్రార్థన వేళకు గుడికి రాలేకపోతే, పని చేస్తున్న చోటే మోకరించి ఆ ప్రార్థన చేసుకోమన్నారు. గుడిలో లేరని వాళ్ళను లెక్కలోంచి తీసెయ్యలేదు. 41వ అధ్యాయం ఇంకా మనకు దగ్గర. వేసవిలో బుధ, శుక్రవారాలు మధ్యాహ్నం బాగా పొద్దు వాలేదాకా ఉపవాసం. కానీ పొలం పని ఉన్నా, ఎండ మరీ ఎక్కువైనా మిట్టమధ్యాహ్నమే భోజనం పెట్టొచ్చు. ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా 11 నుంచి 4 వరకు ఎండలో పని ఆపాలని రూలుంది గదా, అది మనకు గుర్తొచ్చింది.

పన్నెండో శతాబ్దానికి ఫ్రాన్స్‌లో సిస్టర్షియన్ మఠాలు పెరిగాయి. వాటిలో పనివాళ్ళుగా చేరిన సహోదరులు చాలామంది ఉండేవారు. మఠానికి దూరంగా ఉన్న పొలాల్లోనే వాళ్ళ బతుకు. పెద్ద పండుగలకు మఠానికి వచ్చేవాళ్ళు, ఆ రోజుల్లో మఠాధిపతి ప్రసంగం వినేవాళ్ళు. స్టెల్లా మఠాధిపతి ఐజాక్ గారి ప్రసంగాల్లో అయితే పొలం పనిలో అలసి చెట్టు నీడన కూర్చున్న సందర్భం కూడా కనిపిస్తుంది. ఒకటి మాత్రం మాకు నచ్చలేదు. ఆ సహోదరుల చేతికి పుస్తకం ఇవ్వకూడదని నియమం పెట్టారు, కొన్ని జపాలు కంఠతా వస్తే చాలన్నారు. పని చేసేవాడికి చదువెందుకనే మాట అప్పుడూ ఉందన్నమాట!

క్లేర్వో మఠాధిపతి పునీత బెర్నార్డు గారు ఆగమన కాలం ప్రసంగాల్లో క్రీస్తుకు మూడు రాకలు చెప్పారు. మొదటిది బెత్లెహేములో, చివరిది లోకాంతంలో. ఈ రెండూ అందరికీ కనిపించేవి. నడిమి రాక కంటికి కనిపించదు, ఇప్పుడే, మనిషి లోపల జరుగుతుంది. మొదటిదాని నుంచి చివరిదానికి నడిపించే దారి అదేనని, మనకు విశ్రాంతి, ఓదార్పు అక్కడే అని ఆయన బోధ.

మన సంగతి చూడండి. ఇల్లు వదిలి వచ్చిన రోజు గుర్తుంటుంది. తిరిగి వెళ్ళే రోజు కోసం వేళ్ళు మడిచి లెక్కపెడతాం. నడుమ పదేళ్ళు, పదిహేనేళ్ళు, అవి బతుకే కాదన్నట్టు గడిపేస్తాం. పిల్లలు ఫోన్లోనే పెద్దవాళ్ళవుతారు. "ఇంటికెళ్ళాక చూద్దాంలే" అని ప్రార్థన, చదువు, ఆరోగ్యం అన్నీ వాయిదా. బెర్నార్డు గారి మాట ఆ వాయిదా మీదే దెబ్బ కొడుతుంది. దేవుడు ఈ నడిమి ఏళ్ళలోనే, ఈ రూములోనే వస్తాడంటే, ఇవి వృథా ఏళ్ళు కావు.

ఆగమన కాలంలో నాలుగు ఆదివారాలు. ఈ నాలుగు వారాలు గురువారం రాత్రి వంటలయ్యాక మా రూములో ఆ వారం సువార్త తెలుగులో చదువుతాం. చదువు రానివాళ్ళు ముందు కూర్చోవాలి, వాళ్ళడిగిన ప్రశ్నలతోనే మాట మొదలవుతుంది. నైట్ షిఫ్టు వాళ్ళ కోసం సైటు మీద టీ టైములో పది నిమిషాలు మళ్ళీ చదువుతాం. వచ్చేవాళ్ళు సభ అయ్యాక క్యాంపు, షిఫ్టు చెప్పి వెళ్ళండి.