వీధిలో వృద్ధులు, వీధిలో పిల్లలు



నేటి ధ్యానానికి జెకర్యా గ్రంథము 8వ అధ్యాయము, 4, 5 వచనములు తెరవండి. చెరనుండి తిరిగివచ్చినవారు పాడుబడిన యెరూషలేమును చూసి దిగులుపడుతుంటే దేవుడు వారికి ఒక వీధిని చూపించాడు. కర్ర చేతబట్టుకున్న వృద్ధులు కూర్చునే వీధి, పిల్లలు ఆడుకునే వీధి. రెండు వీధులు కాదండీ, ఒక్కటే.

మన వేటపాలెం వీధి చూడండి. అరుగులమీద పెద్దవారున్నారు. పిల్లలేరీ? ఒకప్పుడు తండ్రి మగ్గం గుంటలో కూర్చుని నేస్తుంటే, బడినుంచి వచ్చిన పిల్లలు కండెలు చుట్టి అందించేవారు. క్రిందటి సంవత్సరం ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్లాను. డెబ్బై దాటిన తల్లే కూలికి కండెలు చుడుతోంది. కొడుకు హైదరాబాదులో, కూతురు బెంగళూరులో. "డబ్బు పంపుతున్నారయ్యగారూ, లోటు లేదు. రాత్రివేళ గ్లాసెడు మంచినీళ్లిచ్చే మనిషే లేదు" అన్నది. ప్రార్థన చేసి, టీ తాగి వచ్చేశాను. మళ్లీ నాలుగు నెలలదాకా ఆ గడప తొక్కలేదు. సిగ్గుతో చెబుతున్నాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు. ఒక తరం స్థానాన్ని మరో తరం నింపాలంటే 2.1 కావాలి. కర్ణాటకలోనూ 1.7, తమిళనాడు, తెలంగాణలలో 1.8. 1970లలో బంగ్లాదేశ్ తల్లికి ఆరుగురికి పైగా పిల్లలుండేవారు, నేడు రెండు చిల్లర. చైనా జనాభా 2022 నుండి తగ్గుముఖం పట్టింది. జపాను ముందు ధనం కూడబెట్టుకుని, తరువాత ముసలిదయింది. మనకు ఆ కూడబెట్టు ఇంకా కాలేదు, తల మాత్రం నెరుస్తోంది.

ఇద్దరిని మించి పిల్లలున్నవారు పంచాయతీకి పోటీ చేయరాదన్నది 1994 నాటి చట్టం. 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధన తీసివేసింది. నిన్న వద్దన్నారు, నేడు కనమంటున్నారు. రెండుసార్లూ భారం ఆడబిడ్డమీదే! అదే సర్వేలో, మన రాష్ట్రంలో పెండ్లయిన ప్రతి పదిమంది స్త్రీలలో దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకున్నవారు. మగవారు నూటికి ఒక్కరు కూడా లేరు. కాబట్టి అత్తగార్లారా, ఆదికాండము మొదటి అధ్యాయం చూపించి కోడళ్లను నిందించకండి. పిల్లలు లేని సహోదరి మన ఆరాధనలో తలవంచుకుని కూర్చోవలసిన పని లేదు.

నయోమిని చూడండి. కన్న కొడుకులిద్దరూ పోయారు. వృద్ధాప్యంలో ఆమెను పట్టుకుని నిలిచింది ఎవరు? ఆమె కనని పిల్ల, పరదేశి, మోయాబీయురాలైన రూతు. సంఘమంటే అదే కదా. అపొస్తలుల కార్యములు 6లో విధవరాండ్రకు అన్నం సరిగా అందడం లేదని సణుగు పుడితే అపొస్తలులు ఓదార్చి పంపించలేదు, ఏడుగురిని ఏర్పరచి ఆ పని అప్పగించారు.

మా సంఘంలో ఒంటరిగా ఉంటున్న పెద్దవారి పేర్లు వ్రాయించాను. పదకొండు ఇళ్లు తేలాయి. యౌవనస్థులు వంతులు వేసుకున్నారు, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి తలుపు తట్టాలి. రెండు వారాలు బాగా సాగింది, మూడో వారం క్రికెట్టు వచ్చింది, తప్పిపోయారు. మళ్లీ మొదలుపెట్టాం. మీ సంఘంలో ఈ ఆదివారం ఆ చీటీ వ్రాయండి. సండేస్కూలు పిల్లలనూ వెంట తీసుకెళ్లండి. మొన్న మావాళ్లిద్దరు ఆ కండెల తల్లి దగ్గర కూర్చుని నూలంతా చిక్కు చేసి వచ్చారు. ఆమె కేకలేసి, మళ్లీ ఎప్పుడొస్తారని అడిగిందట.

ప్రార్థన చేసుకుందాం.