అణువిద్యుత్కేంద్రములలో అగ్నిభయము

పంచాయతీ సభ్యులారా,

వేసవిలో ఊరి చివర గడ్డివాము అంటుకొన్నదని వినగానే మనము మొదట అడుగునది వామి ఎంత పెద్దదని కాదు. గాలి ఎటు వీచుచున్నది, ప్రక్కన ఎవరి పాక ఉన్నది, నీళ్లు ఎంత దూరమున ఉన్నవి అని అడుగుదుము. అణువిద్యుత్కేంద్రములలో అగ్నిభయమును అంచనా వేయు నిపుణులు చేయునదియు ఇదియే. మంట పరిమాణము కంటె, అది దేనిని చేరును, అది కాలిన పిదప ఏమి మిగులును అన్నదే వారికి ముఖ్యము. శ్రీకాకుళము జిల్లా కొవ్వాడలో ఇట్టి కేంద్రమునకు స్థలము ఎంపిక చేయబడినందున, ఈ విషయము మన పంచాయతీలు కొంత తెలిసికొనదగినది.

ముందుగా ఒక సంగతి గ్రహింపవలెను. పొయ్యిలోని కట్టెలను వెలుపలికి లాగినను నిప్పులు కొంతసేపు కణకణలాడుచునే యుండును. రియాక్టరును ఆపిన తరువాత కూడ అట్లే ఇంధనమునుండి వేడి పుట్టుచుండును. ఆపిన క్షణమున అది పూర్తి శక్తిలో సుమారు 6, 7 శాతముండి, క్రమముగా తగ్గును. ఈ వేడిని నీటితో నిరంతరము తొలగింపవలెను. అందుకు పంపులు కావలెను, పంపులకు విద్యుత్తు కావలెను, ఆ విద్యుత్తును తెచ్చుటకు కేబుళ్లు కావలెను. ఆ కేబుళ్లు కాలుటయే ఇచ్చట అసలు అపాయము.

అమెరికాలోని అలబామా రాష్ట్రమున బ్రౌన్స్ ఫెర్రీ అను కేంద్రము కలదు. 1975 మార్చి 22న అచ్చటి పనివారు, కేబుళ్లు గోడను దాటు రంధ్రమునుండి గాలి కారుచున్నదేమో కొవ్వొత్తి వెలుగున పరీక్షించుచుండిరి. గాలి ఆ మంటను లోపలికి లాగగా, రంధ్రమును పూడ్చిన నురుగు పదార్థము అంటుకొనెను. ఏడు గంటలసేపు అగ్ని రగిలెను. 1,600కు పైగా కేబుళ్లు చెడిపోయెను. ఒక రియాక్టరునకు అత్యవసర శీతలీకరణ పరికరములు అక్కరకు రాకుండపోగా, సిబ్బంది ఇతర మార్గములచే నీరందించి దానిని కాపాడిరి. విద్యుత్తు కేబుళ్లపై నీరు చల్లుటకు అధికారులు చాలసేపు సంశయించిరి. తుదకు చల్లగా మంట త్వరలోనే ఆరిపోయెను.

మన దేశమునందును ఇట్టి రాత్రి యొకటి గడచినది. ఉత్తరప్రదేశ్‌లో గంగాతీరమునగల నరోరా కేంద్రమున 1993 మార్చి 31న తెల్లవారుజామున టర్బైను రెక్కలు రెండు విరిగెను. ఆ అదురునకు జనరేటరును చల్లబరచు హైడ్రోజను వాయువు వెలువడి అంటుకొనెను. నూనె దానికి తోడై, మంట కేబుళ్లకు ప్రాకెను. అత్యవసర డీజిలు జనరేటర్లు ఉండియు, వాటి విద్యుత్తును చేరవేయు మార్గములు కాలిపోయినందున అవి ఉపయోగపడలేదు. సుమారు 17 గంటలు ఆ యూనిటు విద్యుత్తు లేక యుండెను. కంట్రోలు రూములో పొగ నిండగా సిబ్బంది వెలుపలికి రావలసివచ్చెను. వారు రియాక్టరును వెంటనే ఆపియుండిరి. పిదప బ్యాటరీ దీపములు పట్టుకొని పైకెక్కి, అది తిరిగి రగులకుండ బోరాన్ ద్రావణమును చేతులతో కవాటములు త్రిప్పి వదలిరి. డీజిలు ఇంజనులతో నడచు అగ్నిమాపక పంపుల నీటిని ఆవిరి జనకములకు పంపి వేడిని తగ్గించిరి. రేడియోధార్మికత వెలుపలికి రాలేదు. ఆ సిబ్బంది ధైర్యము కొనియాడదగినది. కాని భద్రత ధైర్యముపై ఆధారపడరాదు.

ఈ రెండింటినుండి తేలిన నీతి యొకటే. రెండు కేబుళ్లు ఒకే దారిన పోయినచో అవి రెండు కావు, ఒకటే. ఊరికి రెండు దారులున్నను, రెండును ఒకే వంతెనను దాటినచో, వరద వచ్చిననాడు ఊరికి దారి లేనట్లే. బ్రౌన్స్ ఫెర్రీ తరువాత అమెరికాలో 1980లో వచ్చిన నియమములు ఈ విషయమునే పట్టుకొన్నవి. ప్రాణాధారమైన రెండు కేబుళ్ల మార్గముల మధ్య మూడు గంటలు మంటకు నిలుచు గోడ ఉండవలెను. లేదా 20 అడుగుల ఎడముండి, నడుమ మండు వస్తువులు లేక, అగ్నిని గుర్తించు, ఆర్పు పరికరములు కూడ ఉండవలెను. ఒక గంట నిలుచు అడ్డుతో పాటు ఆ పరికరములున్నను చాలును.

ఇప్పుడు అంచనా ఎట్లు వేయుదురో చూతము. మొదట ప్రతి గదిని నడచి చూచి, మండగల నూనె, కేబుళ్లు, విద్యుత్తు పెట్టెలు, పనివారు విడిచిన చెత్త ఎచ్చట నున్నవో వ్రాసికొందురు. ఒక్కొక్కటి ఎంత తరచుగా అంటుకొనునో పూర్వానుభవమునుండి లెక్కింతురు. పిదప కంప్యూటరుతో ఆ మంటను ఊహింతురు. గదిలో వేడి పొగ కప్పు క్రింద పొరగా చేరును, చల్లని గాలి దిగువన నిలుచును. ఆ పొర ఎంతసేపటికి ఎంత వేడెక్కునో గణింతురు. సామాన్యమైన ప్లాస్టిక్ తొడుగుగల కేబులు సుమారు 205 డిగ్రీల సెల్సియస్ వద్ద, గట్టి రకము సుమారు 330 డిగ్రీల వద్ద చెడునని ఈ లెక్కలలో గ్రహింతురు. కేబులు చెడుటకు ముందే మంటను కనిపెట్టి ఆర్పగలమా? ఇదియే పందెము. ఓడినచో మరియొక మార్గము మిగిలియున్నదా అని తరువాత చూతురు. 2005లో అమెరికా అణునియంత్రణ సంఘమును, అచ్చటి విద్యుత్పరిశోధన సంస్థయు కలిసి ఈ పద్ధతిని వివరముగా ప్రకటించినవి. లెక్క ఎంత చక్కనిదైనను, దానిలో చేర్చని కొవ్వొత్తిని అది చూడజాలదు.

అట్టి కేంద్రమునకు అనుమతి ఇచ్చుటకు ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరుగును. ఆ సభలో మీరు ఈ మూడు ప్రశ్నలు తప్పక అడుగుడు. అత్యవసర విద్యుత్తు వచ్చు మార్గములు నిజముగా వేరువేరుగా ఉన్నవా? విద్యుత్తు పూర్తిగా పోయినచో నీరు ఎట్లు అందును? అగ్ని సంభవించిన రాత్రి మన గ్రామమునకు ఎవరు, ఎంతసేపటిలో కబురు చేయుదురు? ఇవి నిపుణులు తమను తాము వేసికొను ప్రశ్నలే. గ్రామస్థులు అడుగుట అడ్డుపడుట కాదు, కాపలా కాయుట.

ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వబూనుట తగదని మన పెద్దలు చెప్పిరి. బావి త్రవ్వుటయే కాదు, దానిని చేరు దారి కూడ కాలకుండునట్లు చూచుకొనవలెనని నరోరా మనకు నేర్పినది.