తబియాత్ అంటేనే ఫిజిక్సు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగం)



ఉర్దూ మీడియం పిల్లలకు సైన్సు రాదని మనలోనే చాలామంది అంటుంటారు. ఒకప్పుడు నేనూ అన్నాను. షాబాద్ పిల్లవాడొకడు పదో తరగతిలో సైన్సులో మంచి చురుకు. ఇంటర్‌లో చేరిన నెలకే వచ్చి, "సార్, క్లాసులో ఏమీ సమజ్ అయితలేదు" అన్నాడు. "అయితే సైన్సు వదిలెయ్ బేటా" అన్నాను. వాడు చదువే వదిలేశాడు. ఆ తప్పు నాది.

మొక్క ఎండలో ఆహారం తయారు చేసుకుంటుందని వాడికి తెలుసు. మేము 'జియాయీ తాలీఫ్' అని నేర్పాము, కాలేజీలో 'ఫొటోసింథసిస్' అన్నారు. మారింది పేరొక్కటే.

మన ఉస్మానియా సంగతి చూడండి. 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద శాఖ పెట్టారు, 1918లో విశ్వవిద్యాలయం స్థాపించారు. 1948 దాకా అక్కడ సైన్సు కూడా ఉర్దూలోనే బోధించారు. అయినా ఇంగ్లీషు అందరికీ తప్పనిసరి పాఠం. తర్వాత బోధన ఇంగ్లీషులోకి మారింది, పరిశోధన మాత్రం ఆగలేదు. రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శిని నిలబెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడినుంచి పరిశీలించారు.

1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం గచ్చిబౌలిలోనే ఉంది. అక్కడ సైన్సు డిగ్రీ ఉర్దూలో చదవవచ్చు. ఆ దారి కూడా పిల్లలకు చెప్పండి.

నా మనవి ఒక్కటే. పదో తరగతి పరీక్షలు కాగానే రెండు నెలలు సొసైటీ గది ఇవ్వండి. ఉర్దూ మాట పక్కన ఇంగ్లీషు మాట, తెలుగు మాట రాయించి నేర్పుతాను. ఫీజు వద్దు. మీ అబ్బాయిలతో పాటు అమ్మాయిలనూ పంపండి. ఇంకొక పిల్లవాడికి "వదిలెయ్" అని చెప్పే పరిస్థితి నాకు రానీయకండి.

ఖుదా హాఫిజ్.